చైనా పిల్లలకు రీడింగ్ కాంప్రహెన్షన్ చెప్పడం కెరీర్ అవుతుందా?

ప్రశ్న: నేను ఎంఏ ఇంగ్లీష్ చేసి గుంటూరు జిల్లాలో ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా పనిచేస్తున్నాను. మా తమ్ముడు చైనాలో హుబే ప్రావిన్స్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. వాడికి తెలిసినవాళ్ళ అమ్మాయి అక్కడ 11వ తరగతి, మన లెక్కలో ఇంటర్ ఫస్టియర్. కొన్ని నెలలుగా ఆ అమ్మాయికి ఆన్‌లైన్‌లో ఇంగ్లీష్ చెబుతున్నాను, ఫీజు తమ్ముడి వీచాట్‌కు (అక్కడివాళ్ళు చాటింగ్‌కూ, డబ్బు పంపుకోవడానికీ వాడే యాప్) వేస్తున్నారు. నాతో మాట్లాడటం బాగానే వచ్చింది, గ్రామర్ రూల్స్ అయితే నాకంటే గడగడా చెబుతుంది, కానీ స్కూల్ పరీక్షల్లో కాంప్రహెన్షన్ మార్కులు కదలడం లేదు. ఎలా చెప్పాలి? బంధువుల పిల్లలు కూడా చేరతామంటున్నారు. ఇక్కడ జీతం అంతంతమాత్రం, మానేసి దీన్నే కెరీర్‌గా పెట్టుకోవచ్చా? చైనా వెళ్ళి చెప్పే వీలుందా?

జవాబు: మేడమ్, ముందు డబ్బు సంగతి. తమ్ముడి వీచాట్‌కు ఫీజు వేయించుకోవడం ఈ నెలతోనే ఆపేయండి. వాడు అక్కడున్నది స్టూడెంట్ వీసా మీద. యూనివర్సిటీ ఒప్పుకోలు, ఇమిగ్రేషన్ వాళ్ళ అనుమతి రెండూ లేకుండా బయట సంపాదిస్తే అక్కడ అది అక్రమ ఉద్యోగమే. 2013 జూలై నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం 5,000 నుంచి 20,000 యువాన్ల దాకా జరిమానా వేస్తారు, తీవ్రమైన కేసైతే 5 నుంచి 15 రోజులు లోపల పెట్టొచ్చు కూడా. పాఠం చెప్పేది మీరే అనుకోండి, కానీ నెలనెలా ఒక చైనా కుటుంబం నుంచి విదేశీ కుర్రాడి అకౌంట్లో డబ్బు పడుతుంటే చూసేవాళ్ళకు ట్యూషన్ చెబుతున్నది ఎవరనిపిస్తుంది? మీకొచ్చే నాలుగు డబ్బుల కోసం వాడి డాక్టర్ చదువు మీదకు తెచ్చుకోవద్దు. తీసుకుంటే నేరుగా మీ బ్యాంకు అకౌంట్‌కే రప్పించుకోండి, ఐటీ రిటర్న్‌లో చూపించండి, అది కుదరకపోతే ఆ అమ్మాయికి ఊరికే చెప్పండి.

ఇప్పుడు మార్కులు. ఆ అమ్మాయి వచ్చే ఏడాది జూన్‌లో రాయబోయే గావోకావో, అంటే కాలేజీ సీట్లకు చైనాలో పెట్టే ప్రవేశ పరీక్ష గురించి తమ్ముడు మీకు చెప్పే ఉంటాడు. 2024లో ఆ పరీక్షకు రిజిస్టర్ చేసుకున్నవాళ్ళు కోటీ 34 లక్షల మంది. మన పిల్లలకు ఈఏపీసెట్‌లో ఇంగ్లీష్ ఒక్క ప్రశ్న కూడా రాదు, మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ గట్టిగా ఉంటే చాలు, ఇంగ్లీష్ ఇంటర్ పాసైతే సరిపోతుందన్న లెక్కలో నడిచిపోతుంది. అక్కడ అలా కాదు. మొత్తం 750 మార్కుల్లో విదేశీ భాషకు 150, అంటే మ్యాథ్స్‌కి ఎంతో దీనికీ అంతే. జపనీస్, రష్యన్ లాంటివీ ఎంచుకోవచ్చు గానీ ఎక్కువమంది రాసేది ఇంగ్లీషే. ఇంజినీరింగ్‌కు పోయే పిల్లాడికైనా అందులో పది మార్కులు జారాయంటే కాలేజీ మారిపోతుంది. ఆ తల్లిదండ్రుల టెన్షన్ మీకు అర్థం కావాలంటే ఇది గుర్తుంచుకోండి.

బీజింగ్, షాంఘై, తియాన్‌జిన్ వాళ్ళ పేపర్లు వేరే ఉంటాయి, హుబేది జాతీయ స్థాయిలో తయారయ్యే పేపరు. రెండు గంటల్లో 150 మార్కులు. విని జవాబు రాసేది 30, రీడింగ్ 50, ఖాళీలు పూరించే రెండు రకాలకు కలిపి 30, రాతకు 40. రీడింగ్ 50 ఎలా వస్తుందంటే, ఏ, బీ, సీ, డీ అని నాలుగు ప్యాసేజ్‌లు, వాటి మీద 15 ప్రశ్నలు, ఒక్కోదానికి రెండున్నర మార్కులు, అది ముప్పై ఏడున్నర. తర్వాత అయిదు వాక్యాలు తీసేసిన ఇంకో ప్యాసేజ్ ఇచ్చి, కింద ఏడు వాక్యాలిచ్చి, ఏది ఎక్కడ అతుకుతుందో చెప్పమంటారు, అది పన్నెండున్నర. రాత ప్రశ్నలో కూడా ఒక కథ సగం ఇచ్చి మిగతాది రాయమంటారు, 25 మార్కులకు, చదివింది అర్థం కాకపోతే అదీ పోతుంది. సరిగ్గా మీ అమ్మాయికి నొప్పి ఉన్నచోటే పేపరు బరువంతా ఉందన్నమాట.

మొదటిదైన 'ఏ' ప్యాసేజ్ సాధారణంగా నోటీసో, టూర్ వివరాలో, పోటీ ప్రకటనో, అందులో తేదీలూ ధరలూ వెతికితే చాలు. బీ ఒక మనిషి కథలా ఉంటుంది. ఈ రెండింట్లో ఆ అమ్మాయి మార్కులు పోగొట్టుకుంటోందని నేననుకోను. పోయేది సీ, డీల్లో, అక్కడ ఇంగ్లీష్ పత్రికల నుంచి తీసి మార్చిన సైన్సు వ్యాసాలు, పరిశోధనల వార్తలు, వాదనలు వస్తాయి. సిలబస్‌లో సుమారు 3,000 మాటలు, అది దాటిన మాట వస్తే చాలాసార్లు పక్కనే చైనీస్‌లో అర్థం ఇచ్చేస్తారు. కాబట్టి మీరు వొకాబ్యులరీ లిస్టులు బట్టీ పట్టిస్తూ కూర్చుంటే, అది స్కూల్లో వాళ్ళు ఎలాగూ మీకంటే బాగా చేయిస్తారు, మీ గంట వృథా.

అసలు సమస్య ఆప్షన్ల దగ్గర. ఒక ఉదాహరణ చూడండి. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టల మీద చేసిన పరిశోధన ఒకటి 2003లో వచ్చింది. ట్రాఫిక్ రొద ఎక్కువగా కింది స్వరాల్లో ఉంటుంది, అందులో పిట్ట కింది స్వరాలు కలిసిపోయి వినపడవు, అందుకని రొద ఎక్కువున్న చోట ఉండే పిట్టలు పాటను పై స్వరాల్లో పాడుతున్నాయి అని తేల్చారు. ఇది ఒక పేరాగా రాసి, 'ఈ పేరా ప్రధానంగా చెప్పేదేమిటి' అని అడిగారనుకోండి. నాలుగు ఆప్షన్లు. ఒకటి, నగరంలో రొద వల్ల పిట్టలు గట్టిగా పాడుతున్నాయి. రెండు, ట్రాఫిక్ రొద కింది స్వరాల్లో ఉంటుంది. మూడు, నగరాలు పక్షులు బతకడానికి పనికిరావు. నాలుగు, కొన్ని జీవులు తామున్న చోటుకు తగ్గట్టు తీరు మార్చుకుంటాయి.

మీ అమ్మాయి ఒకటోది పెడుతుంది. పందెం కాస్తాను. ఎందుకంటే నగరం, రొద, పిట్ట, పాట అన్నీ ప్యాసేజ్‌లోని మాటలే అందులో ఉన్నాయి, పై స్వరానికి ఇంగ్లీష్‌లో వాడే 'హై' అన్న మాటను గట్టిగా అని చదివేసుకుంటుంది, కానీ పేరా చెప్పింది స్వరం ఎత్తు గురించి, గొంతు పెంచడం గురించి కాదు. రెండోది నిజమే, ప్యాసేజ్‌లో ఉంది కూడా, కానీ అది కారణంలో ఒక ముక్క మాత్రమే, పేరా మొత్తం సారాంశం కాదు. మూడోది రచయిత అనని మాట, సాగదీసింది. జవాబు నాలుగోది, విచిత్రమేమిటంటే అందులో పిట్ట లేదు, పాట లేదు, ట్రాఫిక్ అసలే లేదు. ప్రశ్నలు తయారు చేసేవాళ్ళ పనే ఇది, ప్యాసేజ్ మాటల్ని తప్పు ఆప్షన్లలో ఇరికిస్తారు, సరైన జవాబును వేరే మాటల్లోకి మార్చేస్తారు. మాటకు మాట వెతికే పిల్ల ప్రతిసారీ పడేది అక్కడే, ఎంత చదివినా పడుతుంది.

అందుకని క్లాసులో ఒక్క ప్యాసేజే తీసుకోండి. నాలుగైదు చేయించాలన్న ఆత్రం వద్దు, పేపర్ల మీద పేపర్లు చేయించే పని స్కూల్లో రాత్రి స్టడీ అవర్స్ దాకా జరుగుతూనే ఉంటుంది. మీ దగ్గర ఆ అమ్మాయి చేయాల్సింది, సరైన జవాబు ప్యాసేజ్‌లో ఏ వాక్యం మీద నిలబడిందో గీత గీసి చూపించడం, మిగిలిన మూడూ ఎందుకు తప్పో ఒక్కోదాని పక్కన కారణం రాయడం. 'లేనిది కలిపారు', 'ఉంది గానీ అడిగింది అది కాదు', 'సాగదీశారు', 'కారణాన్ని తారుమారు చేశారు', ఇలా తన సొంత మాటల్లో, కావాలంటే చైనీస్‌లోనే రాసుకోనివ్వండి. జవాబు కరెక్టైనా సరే కారణం చెప్పలేకపోతే తప్పు కింద లెక్క వేయండి. మొదట్లో విసుక్కుంటుంది, మీరు మెత్తబడొద్దు. 'మే', 'ఆన్లీ', 'రేర్లీ' లాంటి చిన్న మాటల కింద కూడా గీత గీయించండి, రచయిత ఉండొచ్చు అన్నదాన్ని ఆప్షన్‌లో ఉంది అని మార్చేయడం ప్రశ్నలు తయారు చేసేవాళ్ళకు మహా ఇష్టం. ఇంకోటి, తెలిసిన మాట తెలియని పనిలో వస్తుంది, 'అడ్రస్' అంటే ఆ అమ్మాయికి చిరునామా, ప్యాసేజ్‌లో మాత్రం సమస్యను పట్టించుకుని పరిష్కరించడం. ఇలాంటివి దొరికినప్పుడల్లా ఒక నోట్‌బుక్‌లో ఎక్కించండి.

పొడుగు వాక్యాల దగ్గర మీకొక సౌలభ్యం ఉంది, మీరు గమనించారో లేదో. 'నిన్న మా ఇంటికి వచ్చిన మనిషి' అంటాం మనం, వివరం ముందు, మనిషి చివర. చైనీస్‌లో కూడా అంతే. ఇంగ్లీష్‌లో మనిషి ముందొచ్చేసి, వాడి వివరాలు వెనక 'హూ', 'విచ్' పట్టుకుని తోకలా వస్తాయి, ఆ తోక రెండు లైన్లుంటే అసలు క్రియ ఎక్కడో పోతుంది. మనకు చిన్నప్పుడు ఇది ఎక్కడ తికమక పెట్టిందో ఆ అమ్మాయికీ అక్కడే పెడుతుంది (క్రియ స్థానం వరకు మాత్రం చైనీస్ ఇంగ్లీష్‌కే దగ్గర, మనలా చివర రాదు). లండన్‌లో పుట్టిన టీచర్‌కు ఈ ఇబ్బంది ఊహకు కూడా అందదు. పొడుగు వాక్యం వచ్చినప్పుడు తోకను బ్రాకెట్లో పెట్టించి, మిగిలిన చిన్న వాక్యాన్ని ముందు చదివించండి. గ్రామర్ రూల్ పేరు అడగొద్దు, అది చెప్పేస్తుంది, చెప్పినా వాక్యం అర్థమైనట్టు కాదు.

ఏడింట్లో అయిదు ఎంచుకునే ప్రశ్నకు పెద్ద కిటుకేం లేదు. ఖాళీకి ముందు వాక్యం, తర్వాత వాక్యం చదివి, 'దిస్', 'దే', 'హౌఎవర్' లాంటివి ఎవరిని చూపిస్తున్నాయో పట్టుకుంటే చాలావరకు దొరుకుతుంది.

చైనా వెళ్ళడం గురించి సూటిగా చెబుతాను. భాష నేర్పే ఉద్యోగానికి అక్కడ వర్క్ పర్మిట్ ఇవ్వాలంటే, ఆ భాష మాతృభాషగా ఉన్న దేశం పౌరులై ఉండాలన్నది వాళ్ళు సూత్రప్రాయంగా పెట్టుకున్న రూలు, దాంతోపాటు డిగ్రీ, రెండేళ్ళ అనుభవం. మీ ఇంగ్లీష్ ఎంత బాగున్నా మీ పాస్‌పోర్టు ఇండియాది. బిజినెస్ వీసా మీద పంపిస్తాం, అక్కడికెళ్ళాక మార్పిస్తాం అని ఎవరైనా ఏజెంట్ ఫోన్ చేస్తే మాట్లాడకుండా పెట్టేయండి. మ్యాథ్స్, ఫిజిక్స్ లాంటి సబ్జెక్టులు ఇంగ్లీష్‌లో చెప్పే మనవాళ్ళకు ఇంటర్నేషనల్ స్కూళ్ళలో దారి ఉంది, ఇంగ్లీష్ లెక్చరర్‌కు ఆ తలుపు చాలా ఇరుకు.

ఆన్‌లైన్ సంగతి కూడా అంతే. 2021 జూలైలో చైనా ప్రభుత్వం ట్యూషన్ వ్యాపారం మీద పడింది, తొమ్మిదో తరగతి దాకా స్కూల్ సబ్జెక్టుల్లో లాభం కోసం కోచింగ్ పెట్టడాన్ని ఆపేసింది, విదేశాల్లో కూర్చున్న విదేశీ టీచర్లను పెట్టుకుని కోచింగ్ ఇవ్వడాన్ని నిషేధించింది, హైస్కూల్‌కు కూడా ఇవే నిబంధనల ప్రకారం నడుచుకోమంది. ఆన్‌లైన్‌లో ఇంగ్లీష్ చెప్పించే విప్‌కిడ్ లాంటి పెద్ద కంపెనీయే విదేశీ టీచర్ల క్లాసులు మూసుకుంది. తెలిసినవాళ్ళ అమ్మాయికి చెప్పడం వేరు, దాన్ని బ్యాచ్‌లుగా పెంచి దానిమీద ఇల్లు నడపడం వేరు. పైగా మన దగ్గర 2020 జూన్ నుంచి వీచాట్ నిషేధం, అక్కడ గూగుల్ తెరుచుకోదు, ఒక పేపర్ పంపించుకోవడానికే తంటాలు పడుతుంటారు మీరు. గడియారం వాళ్ళది మనకంటే రెండున్నర గంటలు ముందు, మీరు కాలేజీ నుంచి ఇంటికొచ్చి టీ తాగేసరికి వాళ్ళకు రాత్రి స్టడీ అవర్ మొదలై ఉంటుంది. ఇక మిగిలేది ఆదివారం.

కాబట్టి ఉద్యోగం మానొద్దు. ఈ ఒక్క అమ్మాయికి వచ్చే ఏడాది జూన్‌లో పరీక్ష అయ్యేదాకా చెప్పండి, బంధువుల పిల్లల్ని చేర్చుకోకండి.

కానీ ఈ పనిలో మీరు నేర్చుకుంటున్నది పారేయాల్సింది కాదు. ఆప్షన్ ఎందుకు తప్పో విప్పి చెప్పగలిగే టీచర్లు మన దగ్గర తక్కువ. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రీడింగ్‌లో గంటలో మూడు ప్యాసేజ్‌లు, 40 ప్రశ్నలు, అందులో ప్యాసేజ్‌లో ఉందా, తప్పా, అసలు చెప్పలేదా అని అడిగేవాటి దగ్గర మన పిల్లలూ ఆ చైనా అమ్మాయిలాగే బోల్తా పడతారు. ఎంబీఏ సీట్ల కోసం రాసే క్యాట్‌లో 2024లో ఇంగ్లీష్ సెక్షన్ 24 ప్రశ్నల్లో 16 ప్యాసేజ్‌ల మీదే. విజయవాడ, గుంటూరులో మ్యాథ్స్ చెప్పే కోచింగ్ సెంటర్ వీధికొకటి, ఇది చెప్పేవాళ్ళ కోసం వెతుక్కోవాలి. పరీక్షల కంపెనీలకు, పుస్తకాల వాళ్ళకు ప్రశ్నలు రాసిపెట్టే పని కూడా ఇంటి నుంచే చేయొచ్చు. ఒక సర్టిఫికెట్ చేతిలో ఉంటే మంచిదనుకుంటే హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఇంగ్లీష్ బోధన మీద దూరవిద్యలో పీజీ సర్టిఫికెట్ ఉంది, కాలేజీ మానకుండానే చేసుకోవచ్చు. యూజీసీ నెట్ ఇంకా కొట్టకపోతే అది ముందు కొట్టండి, ప్రభుత్వ జూనియర్ లెక్చరర్ (జేఎల్) నోటిఫికేషన్ మీద కూడా ఓ కన్నేసి ఉంచండి.

ఈ వేసవి సెలవుల్లో మీరే సొంతంగా ఒక పది ప్యాసేజ్‌లు రాయండి, మన విషయాలే తీసుకోండి, కొల్లేరు పక్షులో, గుంటూరు మిర్చి యార్డో, ఏదైనా సరే, ఒక్కోదానికి నాలుగు ప్రశ్నలు. కోచింగ్ సెంటర్‌కు వెళ్ళినా, కంటెంట్ ఉద్యోగానికి అప్లై చేసినా రెజ్యూమె కంటే అవే ముందు చూస్తారు. ఒక సెట్ నాకూ పంపండి, చూసి చెబుతాను. ప్రతి తప్పు ఆప్షన్ కింద అది ఎందుకు తప్పో కారణం రాసి పంపండి, అది లేకుండా పంపితే మాత్రం తిప్పి పంపేస్తాను.