సిరా పెన్ను అలవాటైన చేతికి బాల్ పెన్ను

చి. మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

కొత్త ఆఫీసులో కార్బన్ పెట్టి మూడు కాపీలు రాయాల్సి వస్తోందనీ, వాళ్లిచ్చిన బాల్ పెన్నుతో సాయంత్రానికి వేళ్లు పీకేస్తున్నాయనీ, పైగా సిరా ముద్దలు పడుతున్నాయనీ రాశావు. ఇంకు పెన్నులంటే ప్రాణం పెట్టే చేతికి అలా అవడం మామూలే. వేళ్ల నొప్పికి కారణాలు రెండు. ఒకటి, ఆ రీఫిలు మంచిది కాకపోవడం. రెండోది, దాన్ని కూడా ఇంకు పెన్ను పట్టుకున్నట్టే పట్టుకోవడం. ఈ రెండూ సరిచేసుకుంటే బాల్ పెన్నుతో రాయడం నీకు నిజంగానే ఇష్టమవుతుంది.

ముందు రీఫిలు సంగతి. నీ రత్నం ఇంకు పెన్నులో పాళీ వేరు, దాని కింద సిరా అందించే నాలుక వేరు, సిరా వేరు. ఏది నచ్చకపోతే అది మార్చుకుంటావు. బాల్ పెన్నులో ఈ మూడింటి పనీ రీఫిలే చేస్తుంది. పైనున్న ఒళ్లు ఎంత ఖరీదైనదైనా చేతికి బరువు, పట్టు ఇస్తుందే తప్ప రాతను మార్చలేదు. అందుకని రీఫిలు ముందు ఎంచుకో, అది పట్టే పెన్ను తర్వాత కొనుక్కో. దుకాణంలో అందరూ దీనికి తిరగేసి చేస్తారు, అందుకే డ్రాయర్లో పడేసిన ఖరీదైన పెన్నులు అన్ని ఉంటాయి.

రీఫిళ్లలో పాత రకం, చిక్కటి నూనె సిరాది. బాల్ పెన్నుకి రూపమిచ్చిన లాస్లో బిరో 1943లో అర్జెంటీనాలో పేటెంటు తీసుకున్నదీ, 1950లో వచ్చిన బిక్ క్రిస్టల్‌లో ఉన్నదీ, మన పిల్లలందరూ రాసిన రేనాల్డ్స్ 045లో ఉన్నదీ ఈ జాతే. దీన్లోనే సిరా పల్చన చేసినది మరో రకం. యూనీబాల్ జెట్‌స్ట్రీమ్ 2006లో వచ్చాక ఇది బాగా వ్యాపించింది. నూనె సిరాయే అయినా కాగితం మీద సగం బలంతోనే కదులుతుంది. ఇక రోలర్‌బాల్‌లో ఉండేది నీటి సిరా, మన ఇంకుకి దగ్గరి చుట్టం. 1960ల్లో జపాన్‌లో మొదలైంది. జెల్ పెన్నులోదీ నీటి సిరాయే గానీ చిక్కబరిచింది. సకురా కంపెనీ 1984లో మొదట తెచ్చింది.

ఇంకు పెన్ను చేతికి రోలర్‌బాల్ మొదటి రోజే నచ్చేస్తుంది, ఎందుకంటే ఒత్తిడి అక్కర్లేదు. కానీ అక్కడే ఆగిపోకు. నూనె సిరాలో ఇంకో అందం ఉంది. తేలిగ్గా ఆనిస్తే బూడిదరంగు గీత వస్తుంది, కాస్త నొక్కితే చిక్కబడుతుంది, అదే అక్షరంలో పైన పలచగా కింద ముదురుగా. రోలర్‌బాల్ ఎక్కడైనా ఒకే నలుపు. బొమ్మలు గీసేవాళ్లు మామూలు బాల్ పెన్నుని వదలకపోవడానికి కారణం ఇదే. సిరాల్లో నీడలు వెతికే కన్ను నీది కాబట్టి ఇది నీకు తప్పకుండా పడుతుంది.

ఇప్పుడు పట్టు. పాళీ కాగితానికి దాదాపు 45 డిగ్రీల్లో వాలి రాస్తుంది. బాల్ పెన్నుకి 60 డిగ్రీలైనా ఉండాలి, ఇంకా నిలువుగా ఉంటే మరీ మంచిది. మొనలో తిరిగే గుండు ఒక చిన్న గిన్నెలో కూర్చుని ఉంటుంది. పెన్ను బాగా వాలిస్తే ఆ గిన్నె అంచు కాగితానికి తగిలి గీరుతుంది. గుండు తిరగదు, గీత తెగుతుంది, నువ్వేమో సిరా రావట్లేదని ఇంకా నొక్కుతావు. వేళ్ల నొప్పి మొదలయ్యేది ఇక్కడే. పెన్ను వెనక భాగం ఇప్పుడు నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పల్లంలో ఆనుతుంటుంది. దాన్ని పైకి జరిపి చూపుడువేలి మొదట్లో, అరచేతి దగ్గరున్న కణుపు మీద ఆనించు. కోణం దానంతట అదే సరిపోతుంది.

నొక్కడం చేత్తో కాకుండా కాగితం చేత చేయించు. రాసే కాగితం కింద అయిదారు కాగితాల మెత్త ఉండాలి. గుండు కొద్దిగా దిగబడితేనే పట్టు దొరికి తిరుగుతుంది. అద్దం బల్ల మీద ఒంటి కాగితం పెట్టి రాస్తే గుండు జారుతుంది. కార్బన్ కాపీలకు మాత్రం ఇది తిరగబడుతుంది. అక్కడ కింద గట్టి అట్ట ఉండాలి, లేకపోతే నీ బలమంతా మెత్తలోకి పోయి మూడో కాపీ చదవరాదు. ఆ పనికి 0.7 మిల్లీమీటర్ల గుండున్న నూనె సిరా రీఫిలు పెట్టుకో, రోలర్‌బాల్ వద్దు. దాని సిరా నొక్కితే అక్షరం నిండిపోతుందే గానీ కింద ముద్ర పడదు.

సిరా ముద్దలు పడటం నీ రెండో ఫిర్యాదు. ఇది ఎందుకవుతుందో తెలిస్తే కోపం రాదు. గుండు లోపలి నుంచి తెచ్చిన సిరా మొత్తం కాగితానికి అంటదు. మిగిలింది గిన్నె అంచు దగ్గర పేరుకుంటుంది. గీత దిశ మారినప్పుడు అదంతా ఒక్కసారిగా దిగి చుక్కగా పడుతుంది. మన తెలుగు అక్షరాలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి, దిశ మారని అక్షరం లేదు, అందుకే మనకి ఇది ఎక్కువ కనిపిస్తుంది. కొత్త రీఫిలు మొదటి పేజీల్లో మరీ ఎక్కువ. పక్కన మెత్తటి గుడ్డముక్క పెట్టుకుని పేజీకోసారి మొన తుడు. పడ్డ ముద్దని వేలితో రుద్దకు, అద్దుడు కాగితం మూలతో నిలువుగా అద్ది తీసెయ్. ముద్దలు మరీ ఎక్కువైతే పల్చని నూనె సిరాకి మారిపో, సగం బాధ పోతుంది.

గుండు కొలత చూసి కొనేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకో. ప్యాకెట్ మీది అంకె చాలావరకు గుండు వ్యాసం, గీత వెడల్పు కాదు. 1.0 నూనె సిరా గుండు గీసేది సుమారు 0.4 మిల్లీమీటర్ల గీతే. నీటి సిరా కాగితంలో పాకుతుంది కాబట్టి 0.7 రోలర్‌బాల్ అంతకన్నా లావుగా గీస్తుంది. ఇంగ్లీషుకి అది బాగానే ఉంటుంది గానీ తెలుగుకి చిక్కు. చిన్న అక్షరాలతో ‘థ’ రాసి చూడు. లోపలి చుక్క చుట్టూ సిరా పాకి పొట్ట నిండిపోతుంది, ‘ద’నో ‘ధ’నో తెలియదు. ఒత్తులు కూడా కింది లైనులోని గుడి మీదకి దిగి కలిసిపోతాయి. అందుకని తెలుగుకి 0.5 రోలర్‌బాల్ తీసుకో. నూనె సిరాలో 0.7 చాలు. లావు పాళీలు ఇష్టం కాబట్టి 0.7 రోలర్‌బాల్ కూడా ఒకటి ఉంచుకో, సంతకాలకీ చిరునామాలకీ బాగుంటుంది.

రోలర్‌బాల్ అంటే ఏమిటో ఒకసారి కళ్లారా చూడాలంటే పైలట్ వీ5 కొని, మొన వెనకాల పారదర్శక భాగాన్ని వెలుతురులో పెట్టి చూడు. సన్నని రెక్కలు వరసగా పేర్చి ఉంటాయి. నీ పెన్నులో పాళీ కింద నాలుకకి ఉన్న గాట్లు చేసే పనే అవీ చేస్తాయి. చేతి వేడికో ఎత్తులు మారినప్పుడో లోపలి గాలి వ్యాకోచించి సిరాను ముందుకు తోస్తే, ఆ ఎక్కువ సిరాను ఆ రెక్కలు పట్టి ఉంచుతాయి. మరీ ఎక్కువైతే అవీ ఓడిపోతాయి, అందుకే విమానంలో ఇలాంటి పెన్నులు ఒక్కోసారి మూతలోకి కారుతాయి. నీ రత్నం పెన్నుకీ ఆ బెడద ఉంది. ప్రయాణంలో నూనె సిరా పెన్నే జేబులో పెట్టుకో.

ఇంట్లో ఉన్న సిరాలే వాడాలనిపిస్తే కాట్రిడ్జ్ (సిరా నింపిన చిన్న గొట్టం) పట్టే రోలర్‌బాల్‌లు దొరుకుతాయి. జె. హెర్బిన్ వాళ్ల పెన్ను మామూలు పొట్టి అంతర్జాతీయ కాట్రిడ్జ్‌తోనే నడుస్తుంది. ఖాళీ కాట్రిడ్జ్‌లో సిరంజితో నీకు నచ్చిన సిరా నింపుకోవచ్చు. కానీ మెరుపు రేణువులున్న సిరాలు, ఇనుప లవణంతో చేసే సిరా (ఐరన్ గాల్), నీళ్లలో కరగని రంగు పొడితో చేసే పిగ్మెంట్ సిరా పోయకు. పాళీ అయితే విప్పి కడుక్కోవచ్చు, గుండు వెనక సందులో ఇరుక్కున్న రేణువుని మాత్రం ఎవరూ తీయలేరు.

రీఫిలు పేర్ల దగ్గర చాలామంది మోసపోయేది ‘జీ2’ దగ్గర. పార్కర్ జాటర్‌లో పట్టే, సుమారు 98 మిల్లీమీటర్ల పొడవుండే రకానికి ప్రామాణిక పేరు జీ2. పైలట్ వాళ్ల జెల్ పెన్ను పేరూ జీ2నే. దాని రీఫిలు ఇంకా పొడవు, జాటర్‌లో పట్టదు. పాత రీఫిలు వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి కొను. పార్కర్ కొలతలో నాకు నచ్చేవి రెండు. జెట్‌స్ట్రీమ్ ఎస్‌ఎక్స్‌ఆర్-600 సన్నగా, చురుగ్గా రాస్తుంది. ష్మిట్ ఈజీఫ్లో 9000 లావుగా, జారుతున్నట్టు. పాత పార్కర్ ఒళ్లు ఏదైనా ఉంటే ఇవి పెట్టు, పెన్నే మారిపోయినట్టుంటుంది. క్రాస్ పెన్నులకి మాత్రం వాళ్ల సొంత సన్న రీఫిలే కావాలి. రాస్తుంటే మొన కటకటలాడితే ఒళ్లు చివరి కన్నం రీఫిలుకి వదులని అర్థం. సన్నని సెలో టేపు ముక్కని మొనకి వెనక, ఎప్పుడూ లోపలే ఉండే చోట ఒక్క చుట్టు చుట్టు. రెండు చుట్లయితే స్ప్రింగు ఇరుక్కుంటుంది.

రాయనని మొరాయించిన నూనె సిరా రీఫిలుకి చెప్పు రబ్బరు మీదో ఎరేజర్ మీదో గుండ్రంగా గీయి. గుండుకి పట్టు దొరికి ఎండిన పొర ఊడుతుంది. అప్పటికీ రాకపోతే మొన ఒక్కటే గోరువెచ్చటి నీళ్లలో అర నిమిషం ఉంచి తుడు. అగ్గిపుల్లతో కాల్చడం మన వీధుల్లో మామూలు వైద్యం. అది చెయ్యకు, ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి సిరా వెనక్కి కారుతుంది. జెల్, రోలర్‌బాల్ మొన పైకి ఉండేలా రోజుల తరబడి నిలబెట్టకు, గుండు వెనక గాలి చేరి గీత తెగుతుంది. పడుకోబెట్టు, లేదా మొన కిందికి పెట్టు. మూత టక్కుమనేదాకా నొక్కు. మొన మీద పడిన పెన్నుకి మాత్రం వైద్యం లేదు. వంగిన పాళీని తిన్నగా చెయ్యొచ్చు, సొట్టపడిన గిన్నెని చెయ్యలేం. రీఫిలు మార్చెయ్యి.

చివరిగా, నిలవ ఉండాల్సిన కాగితాల మీద సంతకానికి ప్యాకెట్ మీద ఐఎస్ఓ 12757-2 అని ఉన్న నూనె సిరా రీఫిలు చూసుకో. దస్తావేజులకు పనికొస్తుందని దాని అర్థం. మీ తమ్ముడు గ్రూప్స్ పరీక్షకి వెళ్తుంటే హాల్ టికెట్ మీద రాసిన రంగు బాల్ పెన్నే ఇచ్చి పంపు. జెల్ పెన్ను ఇవ్వకు. ఓఎంఆర్ షీట్ మీద తడి ఆరకముందే చెయ్యి తగిలితే పక్క వలయంలోకి అంటుకుంటుంది.

ఈ వారంలో నాకు రెండు పేజీలు రాయి. ఒక పేజీ రోలర్‌బాల్‌తో, ఇంకో పేజీ నూనె సిరాతో. కింద ఏ రీఫిలో, ఏ కొలతో, కాగితం కింద మెత్త ఎంత పెట్టావో కూడా రాయి. అక్షరాలు చూసి నీకు 0.5 సరిపోయిందో లేదో చెప్తాను.

ఉంటాను,
పెదనాన్న