జపాన్ నానమ్మ మా పాపని ఎత్తుకోలేదు

ప్రశ్న: మా ఆయన జపనీస్. మేం బెంగళూరులో ఉంటాం. పాపకి ఐదేళ్ళు. పోయిన వసంతంలో సకురా (చెర్రీ) పూలు చూడటానికి అత్తగారి వైపు వాళ్ళంతా టోక్యోలో ఓ పార్కులో కలిశారు. పాప నా ఒళ్ళోంచి దిగలేదు. అత్తగారు తనకోసం విడిగా డబ్బా కట్టి తెచ్చారు గానీ ఒక్కసారీ ఎత్తుకోలేదు. పాపంటే ఇష్టం లేదేమో! వచ్చే ఏడూ వెళ్ళాలి. ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు ఒక్క మాటలో చెప్పి వదిలేసిన ఆ డబ్బా సంగతే ముందు మాట్లాడుకుందాం. అక్కడ పిల్లలకి డబ్బా కట్టడమంటే మామూలుగా పొద్దున్నే లేచి, చిన్న చేతికి పట్టేలా అన్నం ముద్దలు చేసి, గుడ్డు అట్టు చుట్టి ముక్కలు కోసి, ఓపిగ్గా సర్దడం. ఆవిడ ప్రేమ అందులో ఉంది. మనం పిల్లలు కనపడగానే ఎత్తుకుని ముద్దులు పెట్టేస్తాం. అక్కడి పెద్దవాళ్ళు చాలామంది అలా చేయరు. ఆ అనుమానం మనసులోంచి తీసేయండి. ఈసారి తిన్నాక ఖాళీ డబ్బా పాప చేతే ఇప్పించి, ‘గొచిసోసమా’ అనిపించండి. భోజనం పెట్టినవాళ్ళకి అక్కడ అలాగే కృతజ్ఞత చెబుతారు.

పాప బెదరడంలో వింతేం లేదు. భాష రాదు, ముఖాలు కొత్త, చుట్టూ జనం, చెట్ల కింద పరుచుకున్న పక్క షీట్ల మీద పాటలూ బీర్లూ. తొలి పరిచయానికి అది చోటు కాదు. టోక్యోలో పూలు సాధారణంగా మార్చి చివర్లో పూస్తాయి, నిండుగా విరిశాక వారంలోపే రాలడం మొదలవుతుంది. ఏ రోజన్నది ముందే తేలదు కాబట్టి టికెట్లు ఎలాగూ అటూ ఇటూగా తీసుకోవాలి. నాలుగు రోజులు ముందే వెళ్ళి నానమ్మ ఇంట్లో ఉండండి. ముందురోజు సాయంత్రం గులాబీ, తెలుపు, ఆకుపచ్చ రంగుల హనామీ దాంగో (పూల వేడుకకి చేసే ఉండలు) ఇద్దర్నీ కలిసి చేయమనండి. మన ఉండ్రాళ్ళలా బియ్యప్పిండి ఉండలు చుట్టడమే. (పాపకి మాత్రం చిన్న ముక్కలు చేసి పెట్టండి, గొంతుకి అడ్డం పడతాయి.) పార్కులో వాటిని పంచే పని పాపదే. షీట్ ఎక్కేముందు అందరూ చెప్పులు విప్పుతారు, వాటిని వరసగా పెట్టే పనీ ఇవ్వండి. చేతిలో పనుంటే తనే లేచి తిరుగుతుంది. అత్త పిల్లలతో ఆడుకోవడానికి జాంకెన్ చాలు. రాయి, కత్తెర, కాగితం ఆటకి మాటలతో పనిలేదు. ఇప్పట్నుంచే వీడియో కాల్లో మొదలుపెట్టించండి.

ఇక మీవారు. నన్నడిగితే ఇందులో అసలు బాధ్యత ఆయనదే. పాపతో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, ఈ రోజు నుంచీ జపనీస్‌లో మాట్లాడమని మొహమాటం లేకుండా అడగండి. పార్కులో అన్నదమ్ములతో కబుర్లలో పడకుండా మొదటి గంట ఆయనే పాప పక్కన కూర్చోవాలి. మీరు కాస్త అవతలగా, ఆడపడుచు దగ్గర కూర్చోండి.

అయినా పాప మీ ఒళ్ళోకే వస్తే రానివ్వండి. ‘పాట పాడు, దణ్ణం పెట్టు’ అని అందరి ముందూ నిలబెట్టకండి. అత్తగారికి సంజాయిషీలూ ఇవ్వకండి.