కేవీఏ సంగతి తర్వాత, ముందు మెయిన్ ఆపి చూడండి

ఐదుగురు పనిచేసే అకౌంట్స్ ఆఫీసుకి ఎన్ని కేవీఏల (అంటే ఎంత సామర్థ్యం ఉన్న) యూపీఎస్ కావాలని అడిగారు. హైదరాబాద్ నారాయణగూడలో నాదీ అలాంటి ఆఫీసే. ఏదైనా కొనేముందు ఒక సాయంత్రం అందరూ పని సేవ్ చేసుకున్నాక మెయిన్ స్విచ్ ఆపి, ఏది ఆరిందో ఏది నిలబడిందో చూడండి.

మాకు ఇది తెలిసొచ్చింది ఒక మే 20న. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్న్ జీఎస్టీఆర్-3బీకి ఆఖరి రోజు. నాలుగున్నరకి గాలివాన లేచి, వీధి చివర కొమ్మ విరిగి తీగల మీద పడింది. కరెంట్ పోయినా సిస్టమ్‌లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. హమ్మయ్య అనుకునేలోపే ఎంట్రీలు చేస్తున్న అమ్మాయి "సార్, టాలీలో డేటా దొరకట్లేదు" అంది. టాలీ అంటే మేం లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్. సర్వర్ బాగానే ఉంది. తలెత్తి చూస్తే అటక మీద, కంప్యూటర్లని సర్వర్‌కి కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లో ఒక్క లైటూ లేదు. కేబుల్ లాగిన కుర్రాడు దాన్ని ట్యూబ్‌లైట్ పక్కనున్న మామూలు ప్లగ్గులో పెట్టి పోయాడు. స్టూలెక్కి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగి యూపీఎస్‌కి కలిపాను. అప్పటికే ఒక కంపెనీ డేటా పాడైంది. ముందురోజు బ్యాకప్ తీసి, ఆ రోజు బిల్లులన్నీ మళ్లీ ఎక్కించి, రిటర్న్ వేసేసరికి రాత్రి పదకొండున్నర. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

మాకు యూపీఎస్‌కి ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) కూడా ఉండేది. మూడు నెలలకోసారి వచ్చి, దుమ్ము తుడిచి, సంతకం పెట్టించుకుని పోయేవారు. బ్యాటరీని లోడ్ మీద ఒక్కసారీ పరీక్షించలేదు. మన ఎండలకి ఆ చిన్న సీల్డ్ బ్యాటరీలను రెండు మూడేళ్లకు మించి నమ్మకూడదు. పక్కలు ఉబ్బితే ఆ రోజే మార్చెయ్యండి.

కాంప్లెక్స్‌లో జనరేటర్ ఉందిగా అంటారేమో. 2020 అక్టోబరు వానలకి నగరంలో ఎన్ని సెల్లార్లు మునిగాయో చూశాం. మా జనరేటర్ ఉండేదీ సెల్లార్‌లోనే.

ఇక కేవీఏ. వెయ్యి వీఏ అంటే ఒక కేవీఏ. డబ్బా మీద 600 వీఏ అని రాసినవి చాలావరకు 360 వాట్లే ఇస్తాయి, కాబట్టి లెక్క వాట్లలో వేసుకోండి. సర్వర్‌కి యూపీఎస్ నుంచి యూఎస్‌బీ కేబుల్ కలిపి, బ్యాటరీ తగ్గగానే దానంతటదే షట్‌డౌన్ అయ్యేలా పెట్టించండి. లేజర్ ప్రింటర్‌ని మాత్రం తగిలించొద్దు, అది వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకి యూపీఎస్ ఓవర్‌లోడ్ అయి ఆగిపోతుంది.

ఇప్పుడు మేం ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం ఆరింటికి మెయిన్ ఆపుతున్నాం. అంతకుముందు నెల 31 నిమిషాలు నిలబడింది, పోయిన నెల 22. కొత్త బ్యాటరీలకి చెప్పేశాను.