బడి ఆఫీసులో వీసా అడగరు: డాలస్ నుంచి ఒక అక్క మాట

మొన్న ఆదివారం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. డాలస్ వచ్చి మూడు వారాలైందట, బాబుని ఒకటో తరగతిలో చేర్చాలి. ఆన్‌లైన్ ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబర్ (ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబర్) అడిగారు. బాబుది హెచ్-4, అంటే హెచ్-1బి ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా, నంబర్ లేదు. "అక్కా, ఖాళీగా వదిలేస్తే మా పేరు ఇమిగ్రేషన్ వాళ్లకి వెళ్తుందా?" అని అడుగుతుంటే ఆ పిల్ల గొంతు వణికింది. ఈమధ్య చాలామందికి ఇదే టెన్షన్, అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ఖాళీగా వదిలేయండి. నంబర్ లేదని ఏ ప్రభుత్వ బడీ పిల్లవాడిని వెనక్కి పంపకూడదు. ఇక్కడ టెక్సస్‌లో అయితే బడివాళ్లే ఎస్ అక్షరంతో మొదలయ్యే వేరే నంబర్ ఇస్తారు. వాళ్లకి ముఖ్యంగా కావలసినవి మూడు: పిల్లవాడి వయసు, మీరు ఆ బడి పరిధిలోనే ఉంటున్నట్టు లీజో కరెంటు బిల్లో, టీకాల కార్డు.

ఈ ధైర్యం మనకి ఇచ్చింది మా ఊరికి తూర్పున గంటన్నర దూరంలో ఉన్న టైలర్ అనే చిన్న ఊరు. కాగితాలు లేని పిల్లల చదువుకి బడులకి డబ్బు ఇవ్వబోమని 1975లో టెక్సస్ చట్టం చేసింది. దాంతో టైలర్ బడులు ఒక్కో పిల్లకి ఏడాదికి 1,000 డాలర్లు కట్టమన్నాయి. నాలుగు మెక్సికన్ కుటుంబాలు కోర్టుకెక్కాయి. అటునుంచి అటే దేశం దాటించేస్తారేమోనని సామాను కారులో సర్దుకుని, తెల్లవారుజామున విచారణకి వెళ్లారు. 1982లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. అదే ప్లైలర్ తీర్పు. రేపు మీ ఉద్యోగం పోయి, వీసా వాళ్లు ఇచ్చే 60 రోజుల గడువు కూడా దాటిపోయినా మీ బాబు బడి ఆగకుండా కాపాడేది అదే. కాబట్టి "మనం లీగల్‌గా వచ్చాం, ఇది మన గొడవ కాదు" అని మాత్రం అనకండి.

2025 జనవరిలో ఒక మార్పు వచ్చింది. బడులు, గుళ్లు, ఆసుపత్రుల దగ్గర అరెస్టులు చేయకుండా చూసుకోవాలన్న పాత ఆదేశాన్ని హోంలాండ్ సెక్యూరిటీ శాఖ ఎత్తేసింది. బడుల దగ్గర కూడా అరెస్టులు చేస్తారట అని మీరు విన్న వార్త అదే. అయితే తరగతి గదిలాంటి, అందరికీ ప్రవేశం లేని చోటికి బడివాళ్ల అనుమతి లేకుండా ఇమిగ్రేషన్ అధికారులు రావాలంటే జడ్జి సంతకం చేసిన వారెంట్ కావాలి. ఇమిగ్రేషన్ అధికారే సంతకం పెట్టిన కాగితం దానికి చాలదు. పిల్లల రికార్డులకీ 1974 నాటి ఫెర్పా చట్టం కాపలా ఉంది: మీ అనుమతో కోర్టు ఉత్తర్వో లేకుండా మామూలుగా బయటికి ఇవ్వరు. కానీ పేరు, అడ్రసు, ఫోన్ నంబర్ "డైరెక్టరీ సమాచారం" కింద బయటికి వెళ్లవచ్చు. ఏడాది మొదట్లో వచ్చే ఆ ఫారంలో "వద్దు" అని టిక్ పెట్టండి. చాలామంది చదవకుండానే సంతకం చేస్తారు.

అన్నిటికంటే ముఖ్యం ఎమర్జెన్సీ కాంటాక్టు కార్డు. ఒకసారి మా స్నేహితురాలి పాపని తీసుకురావడానికి బడికి వెళ్లాను. కార్డులో నా పిలుపు పేరు రాసింది, లైసెన్స్‌లో ఇంటిపేరుతో సహా పెద్ద పేరుంది. పాప నన్ను చూసి "పెద్దమ్మా!" అంటూ పరిగెత్తుకొచ్చినా ఆఫీసులో ఒప్పుకోలేదు. వాళ్ల అమ్మ ఫోన్ ఎత్తేదాకా నలభై నిమిషాలు బెంచీ మీద కూర్చున్నాం. ఆ బడివాళ్లు చేసింది సరైన పనే. మీరు మాత్రం లైసెన్స్‌లో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఇద్దరు పేర్లు ఇవ్వండి, అందులో ఒకరైనా పక్క వీధిలో ఉండేవాళ్లై ఉండాలి. భార్యాభర్తలిద్దరూ ఒకేసారి చిక్కుకుపోతే పిల్లవాడు ఎవరితో ఇంటికి వెళ్తాడో చెప్పేది ఆ కార్డే.

ఒక్క జాగ్రత్త. హెచ్-4, ఎఫ్-2 (ఇక్కడ చదువుకునేవాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) పిల్లలకి బడి విషయంలో ఏ ఇబ్బందీ లేదు. కానీ అమ్మమ్మతో విజిటర్ వీసా మీద వచ్చిన మేనల్లుడిని "నాలుగు నెలలేగా" అని బడిలో చేర్చకండి. బడి అడగకపోవచ్చు, ఆ వీసా మాత్రం చదువుకి ఒప్పుకోదు. తర్వాత ఎప్పుడో కాన్సులేట్‌లో ఆ పిల్లవాడే జవాబు చెప్పుకోవాలి.

ఆ అమ్మాయి నిన్న మళ్లీ ఫోన్ చేసింది. బాబుకి చికెన్‌పాక్స్ టీకా ఒక డోసు తక్కువైందట, గురువారం వేయిస్తున్నారు. కార్డులో రెండో పేరు నాదే ఇచ్చింది.