పిండంలోని కణాలన్నిటిలో ఒకే డీఎన్‌ఏ ఉన్నప్పుడు, రక్తనాళాల కణాలు వేరుగా ఎలా తయారవుతాయి?

తేడా డీఎన్‌ఏలో కాదు, ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో, ఎప్పుడు ఊరుకోవాలో నిర్ణయించే ఎపిజెనెటిక్ నియంత్రణలో ఉంటుంది. డీఎన్‌ఏ హిస్టోన్ ప్రొటీన్లకు చుట్టుకుని ఉంటుంది; ఆ చుట్ట వదులైన చోట జన్యువు పనిచేయగలదు, బిగిసిన చోట సాధారణంగా ఆగిపోతుంది. ధవళేశ్వరం దిగువన కాలువలన్నిటిదీ ఒకే గోదావరి నీరైనా, ఏ చేనికి ఎప్పుడు పారాలో తూము తలుపులు తేల్చడం వంటిదే ఇది.

నాళం ఏర్పడటంలోనే కాదు, అది చిట్లకుండా నిలవడంలోనూ ఈ అదుపు కీలకం: చిట్టెలుక పిండంలో నాళాల లోపలి పొర కణాల నుంచి డీఎన్‌ఏ చుట్టను సర్దే సీహెచ్‌డీ4 అనే ప్రొటీన్‌ను తొలగిస్తే, అది అణచి ఉంచవలసిన జన్యువు చెలరేగి, ప్లాస్మిన్ అనే ఎంజైము మితిమీరి, కణాల చుట్టూ ఉండే ఆధారాన్ని కరిగించడంతో, గర్భం 11, 12 రోజుల నడుమ ఉండగా నాళాలు చిట్లి పిండం చనిపోతుంది.

ఎపిజెనెటిక్ మార్పంటే డీఎన్‌ఏ అక్షరాలు మారడమేనని చాలామంది పొరబడతారు. అది ఉత్పరివర్తనం, ఇక్కడ అక్షరాల వరుస మారదు.