కనూలు ఒడ్డుకొచ్చే రోజు: చెల్లెలి కూతురికి ఉత్తరం

అమ్మలూ,

వచ్చే వేసవిలో పిల్లల్ని కనూ జర్నీకి, అదే ఈ తీరపు ఆదివాసీ తెగలు కనూ పడవల్లో తెడ్లేసుకుంటూ వచ్చి ఒకచోట చేరే వేడుకకి, తీసుకెళ్తానని రాశావు. చాలా సంతోషమేసింది. సియాటిల్లో ఇళ్లు కొనుక్కుని కూడా ఈ నేల ఎవరిదో తెలుసుకోని మనవాళ్లే ఎక్కువ.

ఆ తెగల ఇంటి వేడుకకి చుట్టాలుగా వెళ్తున్నామనుకో, సగం మర్యాదలు వాటంతటవే తెలుస్తాయి. ఈ వేడుక వాళ్లకి ఊరికే దక్కలేదు. పైనున్న కెనడాలో పాట్‌లాచ్ విందు, అంటే అతిథులకి కానుకలు పంచే వాళ్ల వేడుక, చేస్తే 1885 నుంచి 1951 దాకా జైలే. ఇక్కడ బోర్డింగ్ బడుల్లో పిల్లల నోట సొంత భాష రానివ్వలేదు. 1989లో వాషింగ్టన్ రాష్ట్రానికి నూరేళ్లు నిండినప్పుడు క్వినాల్ట్ తెగ పెద్దాయన ఎమ్మెట్ ఆలివర్ పూనుకుని కనూలని సియాటిల్‌కి రప్పించాడు. అందుకోసం కొన్ని తెగలు మళ్లీ సీడర్ చెట్టు మాను తెచ్చి కనూలు చెక్కుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు దాదాపు ఏటా ఒక తెగ ఆతిథ్యమిస్తోంది.

కనూలు ఒడ్డుకొచ్చే రోజు పెందలాడే చేరుకో. కనూ రాగానే ఎవరూ దూకి దిగరు. నీళ్లమీదే ఆగి, తెడ్లు నిలువుగా ఎత్తి, తామెవరో ఎక్కణ్ణుంచి వచ్చారో చెప్పి, ఒడ్డుకు రావచ్చా అని అడుగుతారు. ఆతిథ్యమిచ్చే పెద్దలు రమ్మంటేనే రావడం. 2023లో మకిల్‌షూట్ తెగవాళ్లు సియాటిల్‌లోని ఆల్కీ ఒడ్డున పిలిచినప్పుడు ఒక చిన్నపిల్ల కనూలో లేచి నిలబడి, వణికే గొంతుతో తమ భాషలో మొదలుపెట్టింది. మధ్యలో మాట తట్టక ఆగిపోతే వెనకున్న ముసలాయన మెల్లగా అందించాడు. మళ్లీ మొదటినుంచి చెప్పింది. ఒడ్డంతా ఓపిగ్గా విన్నది. ఒక్కో కనూకీ ఇలా జరగాలి కాబట్టి గంటలు పడుతుంది. పిల్లలు విసుక్కున్నా లేవకు.

తర్వాత రోజులకొద్దీ పాటలు, ఆటలు. అక్కడ చాలా పాటలకి హక్కుదారులుంటారు, ఫలానా కుటుంబానిది అని. అడక్కుండా ఫోన్ ఎత్తకు. మద్యం వాసన కూడా పనికిరాదు. భోజనాల దగ్గర పెద్దవాళ్లకే ముందు వడ్డన. వంటింట్లో మనుషులు కావాలంటే సిగ్గుపడకుండా వెళ్లి గిన్నెలు తోము, పదిమందితో పరిచయమవుతుంది. కోస్ట్ సేలిష్ వాళ్లలో, అంటే ఈ తీరపు తెగల్లో, సాక్షుల్ని పిలిచే ఆచారముంది. చేతిలో నాణెం పెడతారు, జరిగింది గుర్తుంచుకుని నలుగురికీ చెప్పే బాధ్యత దాంతోపాటే వస్తుంది. నీ చేతికొస్తే వద్దనకు.

బొమ్మలు కొనేటప్పుడు చెక్కినవాళ్ల పేరు, తెగ అడుగు. నకిలీని నేటివ్ (ఆదివాసీల) కళ అని అమ్మడం 1990 చట్టం ప్రకారం నేరం. సియాటిల్ పయనీర్ స్క్వేర్‌లో టోటెం స్తంభం (బొమ్మలు చెక్కిన నిలువు మాను) ముందు ఫొటో దిగినప్పుడు పిల్లలకి ఇదీ చెప్పు: అక్కడ మొదట నిలిపిన స్తంభాన్ని 1899లో సియాటిల్ పెద్దమనుషులు అలాస్కాలోని ట్లింగిట్ తెగ ఊరినుంచి ఎత్తుకొచ్చారు. ఈ ఊరి తెగలవి అసలు వేరు, ఇంటి స్తంభాలూ, స్వాగతం పలికే బొమ్మలూ.

ఈలోగా ఒక ఆదివారం ఫెర్రీలో బెయిన్‌బ్రిడ్జ్ దీవి దాటి సుక్వామిష్ తెగ ఊరికి వెళ్లిరండి. మ్యూజియం చూడండి, సియాటిల్ ఊరికి పేరిచ్చిన తెగ నాయకుడు చీఫ్ సియాటిల్ సమాధి కూడా అక్కడే. ఇక కనూల రోజుకి మడత కుర్చీలు, టోపీలు, పులిహోర పెట్టుకో. జూలై కదా అని స్వెటర్లు మానేయకు, ఒడ్డున గాలి కొడుతుంది.

మీ పెద్దమ్మ