కాలదోషం పట్టిన నోటు

ప్రశ్న: 2018 జూలై 10న మా ఊరి పొగాకు రైతుకు రెండు లక్షలు నూటికి రెండు వడ్డీకి ఇచ్చి, అడిగినప్పుడు ఇచ్చేటట్టు ప్రామిసరీ నోటు రాయించుకున్నాను. ఏటా ‘వేలంలో బేళ్లు పోగానే ఇస్తా’ అని జరిపాడు. ఇప్పుడేమో ‘నోటుకు కాలదోషం పట్టింది, కోర్టుకెక్కినా రాదు’ అంటున్నాడు. తీసుకున్న సొమ్ము ఎగ్గొట్టడం చట్టానికి న్యాయమేనా?
– ఒక పాఠకుడు, కొండపి

జవాబు: ఆయన మాటలో సగమే నిజం. అలాంటి నోటుకు గడువు మూడేళ్లు. అదీ నోటు తేదీ నుంచే తప్ప, మీరు గట్టిగా అడిగిన రోజు నుంచి కాదు. కోవిడ్ కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది కాబట్టి మీకు 2023 జూన్ ఆఖరి వారం వరకు వీలుండేది. అదీ దాటింది. ఇప్పుడు దావా వేస్తే, అవతలివాళ్లు గడువు ఊసెత్తకపోయినా కోర్టు కొట్టేయాల్సిందే. నోటిమాట వాయిదాలు లెక్కకు రావు.

అయినా బాకీ తీరినట్టు కాదు. చట్టం మూసింది కోర్టు తలుపునే. కాలదోషం పట్టిన బాకీని చెల్లిస్తానని రాసి సంతకం పెడితే, కొత్తగా పైసా పుచ్చుకోకపోయినా ఆ మాట చెల్లుతుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25(3) సెక్షన్ చెబుతోంది. నీతి ప్రకారం ఇవ్వాల్సింది ఇంకా మిగిలే ఉందని చట్టం ఒప్పుకున్నట్టే కదా!

కాబట్టి పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి కొత్త నోటు అడగండి. ‘బాకీ ఉన్న మాట నిజమే’ అని రాస్తే చాలదు. గడువు దాటాక ‘చెల్లిస్తాను’ అనే మాట స్పష్టంగా ఉండాలి. పాత నోటు తేదీ, సొమ్ము అందులో చూపించాలి. రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం చేయించండి. స్టాంపు లేని నోటును తర్వాత జరిమానా కట్టినా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. వడ్డీ వదిలేస్తే అసలుకు రాస్తానన్నా రాయించుకోవడమే మేలని మా అభిప్రాయం.

గడువు ఇంకా ఉన్నవాళ్లు ఆలోగా కొంత సొమ్ము తీసుకుని, నోటు వెనక తేదీతో చెల్లు రాయించి బాకీదారు సంతకం పెట్టించుకోండి. ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. ఫోన్‌పేలో వేయించుకుని ఊరుకోవద్దు.

అసలీ గడువు ఎందుకంటారా? తండ్రి పోయాక, రాసినవాడూ సాక్షులూ లేని పాతికేళ్లనాటి నోటు పట్టుకుని కొడుకుల మీదికొచ్చేవాళ్లూ ఉంటారు. తండ్రి ఎప్పుడో తీర్చేసి ఉంటే, ఆ రుజువు వాళ్లెక్కడ తేగలరు?

ప్రశ్న: నాన్న 2016లో చేసిన అప్పు కొడుకుగా నేను తీర్చాలా?
– ఒక పాఠకురాలి కుమారుడు, కావలి

జవాబు: ధర్మశాస్త్రాల ప్రకారం తండ్రి రుణం కొడుకుదే. 2005 సెప్టెంబర్ 9 తర్వాత చేసిన అప్పులకు హిందూ వారసత్వ సవరణ చట్టం ఆ బాధ్యత తీసేసింది. అప్పులవాళ్లు మీకు సంక్రమించిన నాన్నగారి ఆస్తి మేరకే అడగగలరు. మీ సంపాదన జోలికి రాలేరు.